హిమాలయ సాలమాండర్, అది బతికే అడవి: తరచుగా అడిగే ప్రశ్నలు

డార్జిలింగ్ కొండల్లోనూ వాటికి ఆనుకుని ఉన్న తూర్పు నేపాల్‌లోనూ బతికే హిమాలయ సాలమాండర్ గురించి జీవశాస్త్ర విద్యార్థులు, డార్జిలింగ్ యాత్రకు బయలుదేరేవారు ఒకే రకమైన సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నందువల్ల వాటిని ఇక్కడ దశలవారీగా కూర్చాం. ప్రతి జవాబునూ విడిగా చదువుకోవచ్చు.

## గుర్తుపట్టడం

ఫొటోలో చూస్తే అచ్చం బల్లిలాగే ఉంది. ఇది బల్లి జాతి కాదా?

కాదు. నాలుగు కాళ్లు, పొడవాటి తోక ఉన్నందువల్ల అలా అనిపిస్తుంది గానీ, సాలమాండర్ ఉభయచరం. బల్లి, తొండ, ఉడుము సరీసృపాలు కాబట్టి సాలమాండర్‌కు వాటికన్నా కప్పతోనే దగ్గరి చుట్టరికం. బల్లి ఒంటిని పొలుసులు కప్పి ఉంటాయి, వేళ్ల చివర గోళ్లు ఉంటాయి, కంటి వెనక చెవి రంధ్రం కనిపిస్తుంది. సాలమాండర్‌కు ఈ మూడూ ఉండవు. దాని చర్మం ఎప్పుడూ తేమగా ఉండాలి, ఎందుకంటే ఊపిరితిత్తులు ఉన్నప్పటికీ శ్వాసలో కొంత భాగం చర్మం ద్వారానే జరుగుతుంది. మీద పడితే ఏ ఫలమో చెప్పే బల్లి శాస్త్రానికి ఇది ఎలాగూ దొరకదు, గోడలెక్కే అలవాటు లేని జీవి.

హిమాలయ సాలమాండర్ చూడటానికి ఎలా ఉంటుంది?

తోకతో కలిపి ఇంచుమించు జానెడు పొడవుంటుంది; ఆడది మగదానికన్నా కాస్త పెద్దది. ఒళ్లంతా ముదురు గోధుమ రంగులో, గరుకైన చర్మంతో ఉంటుంది. తల వెడల్పుగా, బల్లపరుపుగా ఉండి రెండు పక్కలా ఎముకల గట్లు పైకి తేలి కనిపిస్తాయి. వెన్ను మధ్యలో ఒక గట్టు, దానికి రెండు పక్కలా పక్కటెముకల చివరల మీద వరుసగా బొడిపెలు ఉంటాయి. ఈ వాలకం వల్లనే ఈ ప్రజాతి (టైలోటోట్రైటాన్) జీవులన్నింటినీ మొసలి న్యూట్లు అంటారు; న్యూట్ అంటే సాలమాండర్లలోనే ఒక రకం. తోక పక్కల నుంచి నొక్కినట్లు పలచగా ఉంటుంది, ఈతకు అదే ఆధారం.

పాత పుస్తకాల్లో శాస్త్రీయ నామం టైలోటోట్రైటాన్ వెర్రుకోసస్ అని ఉంది, కొత్తవాటిలో హిమాలయానస్ అని ఉంది. ఏది రాయాలి?

డార్జిలింగ్, తూర్పు నేపాల్ సాలమాండర్ గురించి రాస్తుంటే టైలోటోట్రైటాన్ హిమాలయానస్ అని రాయాలి. జాన్ ఆండర్సన్ 1871లో వెర్రుకోసస్ అనే జాతిని వర్ణించినది చైనాలోని పశ్చిమ యునాన్ నుంచి సేకరించిన నమూనాల ఆధారంగా. ఆ తరువాత దాదాపు నూటనలభై ఏళ్లపాటు హిమాలయాల్లో దొరికినవాటినీ అదే పేరుతో పిలిచారు. 2015లో శరీర కొలతలనూ డీఎన్ఏనూ పోల్చి చూసిన నేపాల్, చైనా, భారత శాస్త్రవేత్తల బృందం తూర్పు హిమాలయాల జీవి వేరే జాతి అని తేల్చి కొత్త పేరు పెట్టింది. ఆ బృందంలో హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్త కార్తికేయన్ వాసుదేవన్ కూడా ఉన్నారు. పరీక్షల కోసం పాత గైడ్లు చదివే విద్యార్థులు ఈ మార్పును గమనించాలి.

భారతదేశంలో ఉన్న ఒకే ఒక సాలమాండర్ ఇదేనా?

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఇప్పటికీ అలాగే అచ్చవుతున్నా, ఆ మాటకు కాలం చెల్లింది. మణిపూర్ కొండల్లోని జైమెంగ్ సరస్సు ప్రాంతం నుంచి టైలోటోట్రైటాన్ జైమెంగ్ అనే మరో జాతిని శాస్త్రవేత్తలు ఇటీవలే వర్ణించారు. దేశంలో ఇంతవరకు గుర్తించిన సాలమాండర్లు అన్నీ ఈ ఒక్క ప్రజాతికే చెందినవి, అన్నీ తూర్పు, ఈశాన్య కొండల్లోనే ఉన్నాయి.

మా అరకు వైపు, తిరుమల కొండల్లో ఇలాంటివి చూశాను. అవి సాలమాండర్లు కావా?

కావు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సాలమాండర్లు లేవు; వింధ్యకు దక్షిణాన ఎక్కడా లేవు. శేషాచలం రాతి సందుల్లో కనిపించే బంగారు బల్లి, ఆకుల మధ్య నున్నగా మెరుస్తూ జారిపోయే నలికిరి పాము వంటివి చూసి చాలామంది పొరబడతారు. అవి రెండూ పొలుసులున్న సరీసృపాలే. తూర్పు కనుమల తడినేలలో మట్టి తవ్వుతున్నప్పుడు వానపామును పోలిన, కాళ్లు లేని ఉభయచరం దొరికితే అది సిసిలియన్, అది కూడా సాలమాండర్ కాదు.

అక్వేరియం దుకాణంలో అమ్మే ఆక్సలోటల్, ఇది ఒకటేనా?

ఒకటి కాదు. ఆక్సలోటల్ మెక్సికో నగరం దక్షిణ భాగంలో ఉన్న సోచిమిల్కో కాలువల జీవి. జీవితాంతం మొప్పలతో, డింభక (పిల్ల) రూపంలోనే నీటిలో ఉండిపోతుంది. హిమాలయ సాలమాండర్ మొప్పలను వదిలేసి నేల మీదికి వచ్చి పెద్దదవుతుంది. రెండూ సాలమాండర్లే అయినా కుటుంబాలు వేరు.

ఇది విషపూరితమా? కరుస్తుందా?

మనిషి జోలికి వచ్చి కరిచే జీవి కాదు. చర్మ గ్రంథుల నుంచి, ముఖ్యంగా తల వెనక, పక్కటెముకల బొడిపెల దగ్గర, మింగిన జంతువుకు చేదుగా, మంటగా ఉండే స్రావం వెలువడుతుంది. అది దాని ఆత్మరక్షణ. చూసినంత మాత్రాన, పక్కన నిలబడినంత మాత్రాన ఏమీ కాదు. పొరపాటున తాకితే చేతులు కడుక్కునేదాకా కళ్లు, నోరు ముట్టుకోకూడదు. నిజానికి ఆ తాకిడి వల్ల నష్టం దానికే ఎక్కువ, ఎందుకంటే మన చేతులకు ఉండే సన్‌స్క్రీన్, దోమల మందు దాని పలచని చర్మంలోంచి నేరుగా లోపలికి ఇంకుతాయి.

## అడవి, నీరు

ఇది ఏయే చోట్ల ఉంటుంది? ఎంత ఎత్తులో?

పశ్చిమ బెంగాల్‌లోని డార్జిలింగ్ కొండల్లో, తూర్పు నేపాల్‌లోని ఇలాం చుట్టుపక్కల ఉంటుంది. ఎక్కువగా కనిపించేది సముద్రమట్టానికి 1000 మీటర్లు దాటిన చోటు నుంచి 2000 మీటర్లు దాటిన చోటు వరకు ఉన్న తడి కొండ అడవుల్లో. డార్జిలింగ్ వైపు సుఖియా పోఖ్రి ఊరి దగ్గరి జోర్ పోఖ్రి (అక్కడి భాషలో పోఖ్రి, పోఖరి అంటే చెరువు), కర్సియాంగ్ వైపు కొండల్లోని నామ్‌థింగ్ పోఖ్రి, నేపాల్ వైపు ఇలాంలోని మాయి పోఖరి దీనికి పేరుపొందిన చోట్లు. వీటితో పాటు తేయాకు తోటల మధ్య, ఊళ్ల అంచున పేరు లేని గుంటలు కూడా కొన్ని ఉన్నాయి. పర్యాటకుల కంట పడకపోవడమే వాటికి పెద్ద రక్ష.

అడవి జీవి అంటారు, కానీ ఫొటోలన్నీ చెరువులోనివే. దీని అసలు నివాసం ఏది?

రెండూ. ఈ జీవి గురించి ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే దీన్నే పెట్టుకోవాలి. నీటిగుంట పెళ్లి పందిరి, అడవి ఇల్లు. తొలకరి జల్లులు పడిన తరువాత సంతానోత్పత్తి కోసం నీటిలోకి దిగి, వానాకాలం ముగిసేసరికి తిరిగి నేల మీదికి వెళ్లిపోతుంది. సంవత్సరంలో మిగిలిన కాలమంతా కుళ్లిన మొద్దుల కింద, రాళ్ల సందుల్లో, చెట్ల వేళ్ల మధ్య ఏర్పడిన బొరియల్లో, రాలిన ఆకుల మందపాటి పొరలో గడుపుతుంది. చలికాలంలో పూర్తిగా అక్కడే దాక్కుని కదలకుండా ఉంటుంది.

నీటిలో ఉన్నప్పుడు గుంపుగా, పట్టపగలు కనిపిస్తుంది కాబట్టి ఫొటోలన్నీ అక్కడివే. అడవిలో ఒంటరిగా, రాత్రిపూట తిరుగుతుంది కాబట్టి అక్కడ దాన్ని చూసినవారు తక్కువ. ఫలితంగా రక్షణ చర్యలు కూడా గుంట చుట్టూ కంచె వేయడం దగ్గరే ఆగిపోతాయి. కంచెకు అవతల ఉన్న చెట్లు కొట్టేసి, నేలను చదును చేసి, ఆకులను ఊడ్చేస్తే లోపలి నీరు ఎంత స్వచ్ఛంగా ఉన్నా ప్రయోజనం లేదు. సెప్టెంబరులో బయటికి వచ్చిన సాలమాండర్ తలదాచుకోవడానికి చోటు లేకపోతే మరుసటి ఏడు ఆ గుంటకు తిరిగి రాదు.

కొన్ని పోఖ్రీలు చలికాలంలో ఎండిపోతాయట. తవ్వించి ఏడాది పొడవునా నీరు నిలిచేలా చేయవచ్చు కదా?

చేయకపోవడమే మేలు. నామ్‌థింగ్ పోఖ్రి వంటి గుంటలు వాన నీటితో నిండి, చలికాలంలో ఎండిపోవడం సహజం. ఏటా ఎండే గుంటలో పెద్ద చేపలు నిలవలేవు, కాబట్టి సాలమాండర్ గుడ్లూ పిల్లలూ క్షేమంగా ఉంటాయి. పెద్దవి ఆ సమయానికి అడవిలో ఉంటాయి, పిల్లల్లో చాలా వరకు అప్పటికే మొప్పలు వదిలి నేల మీదికి చేరుకుంటాయి. లోతుగా తవ్వి, పైపులతో నీరు నింపి ఏడాది పొడవునా నిలబెడితే చూడటానికి అందమైన సరస్సు తయారవుతుంది, ఆ వెనకే ఎవరో ఒకరు చేపలు వదులుతారు. అసలు చిక్కు ఎండటంలో కాదు, వేళ తప్పి ఎండటంలో ఉంది: ఎగువన ఊటలను మళ్లించినా, రుతుపవనాలు ఆలస్యమైనా పిల్లలకు మొప్పలు పోకముందే నీరు ఇంకిపోతుంది.

డార్జిలింగ్ దారిలో నిటారుగా పెరిగిన పచ్చని చెట్లు కొండలంతా ఉన్నాయి. అడవి అంత బాగా ఉంటే ఇది అరుదైన జీవి ఎలా అయింది?

ఆ నిటారు చెట్లలో ఎక్కువ భాగం ధూపీ, అంటే జపాన్ నుంచి తెచ్చిన క్రిప్టోమీరియా. బ్రిటిషు కాలంలో కలప కోసం నాటడం మొదలుపెట్టిన ఈ చెట్లు పాత ఓక్, చాంప్, మాపుల్ అడవుల స్థానాన్ని చాలాచోట్ల ఆక్రమించాయి. దూరం నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. లోపలికి వెళితే నేల మీద పరచుకునేది ధూపీ సూదులే. ఇతర మొక్కలు పలచగా ఉంటాయి. వెడల్పాకుల అడవిలో రాలిన ఆకులు తేమను పట్టి ఉంచి, వానపాములకూ పురుగులకూ, వాటిని తినే సాలమాండర్‌కూ ఆశ్రయమిస్తాయి. కూలిన పాత మొద్దులు బొరియలవుతాయి. ఒకే జాతి చెట్లను వరుసల్లో నాటిన తోటకు ఆ గుణం రావడం కష్టం. పచ్చదనాన్ని ఉపగ్రహ చిత్రాల్లో కొలిచి అడవి క్షేమమని చెప్పే లెక్కలను ఈ విషయంలో కాస్త అనుమానంగానే చూడాలి.

## పుట్టుక, పెరుగుదల

ఏ నెలల్లో గుడ్లు పెడుతుంది? ఎక్కడ పెడుతుంది?

వేసవి చివరి జల్లులతో మొదలై వానాకాలమంతా సంతానోత్పత్తి సాగుతుంది. మగది ఆడదాని ముందు వలయంగా తిరుగుతూ నాట్యం వంటి ప్రణయ ప్రదర్శన చేసి, శుక్రకణాల చిన్న మూటను నీటి అడుగున వదులుతుంది. ఆడది దాన్ని తన శరీరంలోకి తీసుకుంటుంది. కప్పల్లో సాధారణంగా జరిగే బాహ్య ఫలదీకరణకు ఇది భిన్నం. తరువాత ఆడది జిగురు పొర ఉన్న గుడ్లను ఒక్కొక్కటిగానో చిన్న గుత్తులుగానో నీటి మొక్కలకు, ఒడ్డున నీటిలోకి వంగిన గడ్డి పరకలకు అంటిస్తుంది. గట్టు శుభ్రం చేస్తున్నామంటూ జూన్, జూలైల్లో గడ్డి కోసి పారవేస్తే ఆ గడ్డితో పాటు గుడ్లూ పోతాయి.

పిల్లలు కప్ప పిల్లల్లాగే ఉంటాయా?

కొంత పోలిక ఉంది, కానీ తేడా పట్టుకోవడం సులభం. కప్ప పిల్లకు గుండ్రటి తల, తోక మాత్రమే కనిపిస్తాయి. సాలమాండర్ పిల్లకు మెడ పక్కన ఈకల వంటి మొప్పలు బయటికే కనిపిస్తాయి, ముందు కాళ్లు చాలా త్వరగా వస్తాయి. కప్ప పిల్ల పెద్దయ్యేటప్పుడు తోక పోగొట్టుకుంటుంది, సాలమాండర్ మొప్పలను పోగొట్టుకుని తోకను ఉంచుకుంటుంది. ఈ రూపవిక్రియకు కొన్ని నెలలు పడుతుంది. నీరు చల్లగా ఉంటే మరింత ఆలస్యమవుతుంది.

ఏం తింటుంది?

పురుగులు, వానపాములు, నత్తలు, నీటిలో దోమ పిల్లలు, కప్ప పిల్లలు. మాంసాహారి.

తెగిన కాలు మళ్లీ మొలుస్తుందంటారు, నిజమేనా?

నిజమే. సాలమాండర్ల సమూహానికి ఈ శక్తి ఉంది. ఎముక, కండరం, నరాలతో సహా అవయవం తిరిగి పెరుగుతుంది. ఇందుకు వారాలు, నెలలు పట్టవచ్చు. అయితే దీన్ని చూపించి ఇది ఏ దెబ్బనైనా తట్టుకునే జీవి అనుకోకూడదు. కాలు మళ్లీ వస్తుంది గానీ పొడిబారిన చర్మంతో బతకలేదు.

ఎన్నేళ్లు బతుకుతుంది?

ఈ ప్రజాతి జీవులు సంరక్షణలో పదేళ్లకు పైగా బతుకుతాయి. ఈడుకు రావడానికే కొన్నేళ్లు పడుతుంది. అందువల్ల ఒక గుంటలో పెద్దవాటిని చూసి అంతా బాగుందనుకోవడం తొందరపాటు. అక్కడ పిల్లలు పుట్టడం ఆగిపోయి చాలాకాలమైనా, పాత తరం మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉండవచ్చు.

## ముప్పు

చెరువు గట్టుకు సిమెంటు వేసి, చుట్టూ తోట పెంచితే జీవికి రక్షణ కాదా? దాన్ని ఎందుకు తప్పుపడుతున్నారు?

ఈ ప్రశ్న అడిగేవారి ఉద్దేశం మంచిదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. సాలమాండర్ నీటిలోకి దిగడానికీ, వాన వెలిసాక బయటికి రావడానికీ వాలుగా, బురదగా, గడ్డి పెరిగిన ఒడ్డు కావాలి. నిలువు సిమెంటు గోడను అది, ముఖ్యంగా కొత్తగా మొప్పలు వదిలిన పిల్ల, ఎక్కలేదు. గోడ కట్టిన మరుక్షణం గుంట ఉచ్చుగా మారుతుంది. గడ్డి లేకపోతే గుడ్లు అంటించడానికి చోటు ఉండదు. గోడ చుట్టూ నడకదారి వేస్తే అడవికీ నీటికీ మధ్య ఒక ఎండిన పట్టీ ఏర్పడుతుంది; విద్యుద్దీపాలు పెడితే రాత్రి ప్రయాణాలు ఆగిపోతాయి.

డార్జిలింగ్ కొండల్లో ఒకప్పుడు బురదగుంటలుగా ఉన్న పోఖ్రీలు కొన్ని విహారస్థలాలయ్యాయి. జోర్ పోఖ్రి ఈ జీవి పేరిట ప్రకటించిన అభయారణ్యమే అయినా, అక్కడికి వెళ్లినవారికి ముందు కనిపించేవి ఉద్యానవనం, విడిది గృహం, నీటి మధ్య పడగ విప్పిన పాము విగ్రహం. బురదగా, గడ్డిగా, అందవికారంగా ఉన్న గుంటే ఈ జీవికి పనికివస్తుంది. ఆ మాటను పర్యాటక శాఖలకు ఒప్పించడం అన్నిటికన్నా కష్టమైన పని.

చేపలు, బాతులు వదిలితే తప్పేమిటి?

చేపలు, అలంకారం కోసం వదిలే రకాలతో సహా, గుడ్లనూ పిల్లలనూ తింటాయి. బాతులు నీటి మొక్కలను పీకి, నీటిని కలిచివేస్తాయి. మాయి పోఖరి వంటి పవిత్ర సరస్సుల్లో భక్తితో చేపలు వదిలేవారూ ఉన్నారు. పుణ్యం కోసం చేసిన ఆ పని సాలమాండర్లకు ప్రాణాంతకం.

తేయాకు తోటల వల్ల నష్టమా, లాభమా?

రెండు వైపులా ఉంది. అడవిని నరికి తోటలు వేయడం వల్ల పాత నివాసం పోయింది. తోటల్లో చల్లే పురుగుమందులు వాననీటితో జారి గుంటల్లో చేరతాయి. అదే సమయంలో కొన్ని తోటల సరిహద్దుల్లోని గుంటలే ఈనాడు సాలమాండర్లకు మిగిలిన సంతానోత్పత్తి స్థలాలు. యాజమాన్యం గుంట చుట్టూ కొంత మేర మందు చల్లకుండా వదిలి, చెట్లను ఉండనిస్తే ఆ తోట వల్ల నిజంగా మేలు జరుగుతుంది.

ఫంగస్ వల్ల సాలమాండర్లు చనిపోతున్నాయన్న వార్త చదివాను. మన దగ్గర కూడానా?

ఆ వార్తలు ముఖ్యంగా ఐరోపావి. నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లు కుప్పలుగా చనిపోతే కారణం వెతికిన శాస్త్రవేత్తలు 2013లో బాట్రకోకైట్రియం సాలమాండ్రివోరన్స్ అనే శిలీంధ్రాన్ని వర్ణించారు. దాని మూలం ఆసియా అని, పెంపుడు జంతువుల వ్యాపారంతో అక్కడికి చేరిందని తరువాతి పరిశోధనలు సూచించాయి. ఒక చోట సహజంగా ఉన్న జబ్బు మరో చోట మహమ్మారి కావచ్చు కాబట్టి, ఒక గుంటలో వాడిన బూట్లూ వలలూ కడిగి ఆరబెట్టకుండా మరో గుంటలో దించకూడదు.

## చట్టం, సంరక్షణ

పట్టుకోవడం, ఇంట్లో పెంచడం నేరమా?

నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద హిమాలయ న్యూట్‌కు రక్షణ ఉంది. అనుమతి లేకుండా పట్టుకోవడం, ఉంచుకోవడం, అమ్మడం శిక్షార్హం. విదేశీ వ్యాపారం విషయానికి వస్తే, 2019లో జరిగిన సమావేశంలో టైలోటోట్రైటాన్ ప్రజాతి మొత్తాన్నీ వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. పెంపుడు జంతువుల మార్కెట్టు, చైనా సంప్రదాయ వైద్యంలో ఎండిన న్యూట్ల వాడకం అందుకు కారణాలు.

ప్రత్యేకంగా దీనికోసం రక్షిత ప్రాంతాలు ఉన్నాయా?

ఉన్నాయి. జోర్ పోఖ్రిని 1985లో అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం 0.04 చదరపు కిలోమీటర్లు, అంటే పది ఎకరాల లోపు. నామ్‌థింగ్ పోఖ్రిని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించింది. నేపాల్‌లోని మాయి పోఖరి 2008 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో ఉంది. మూడింటిలోనూ కాగితం మీద నీటికి దొరికిన రక్షణ చుట్టూ ఉన్న అడవికి అంతగా దొరకలేదన్నదే లోటు.

జూలో పెంచుతున్నారా?

డార్జిలింగ్‌లోని పద్మజా నాయుడు హిమాలయన్ జువలాజికల్ పార్కు మంచు చిరుతలకూ ఎర్ర పాండాలకూ పేరుపొందినా, హిమాలయ సాలమాండర్ల సంరక్షిత పునరుత్పత్తిని కూడా చేపట్టింది. హైదరాబాదులో పుట్టి, సరోజినీ నాయుడు కుమార్తెగా, తరువాత పశ్చిమ బెంగాల్ గవర్నరుగా దేశానికి తెలిసిన పద్మజా నాయుడు పేరే ఆ జూకు పెట్టారు. అక్కడ పెంచిన పిల్లలు భద్రతకు ఒక మార్గం మాత్రమే. వదలడానికి తగిన అడవి, గుంట లేకపోతే అవి జూలోనే ఉండిపోవాలి.

## చూడటానికి వెళ్లేవారికి

మేం వేసవి సెలవుల్లోనో దసరాకో వెళతాం. అప్పుడు కనిపిస్తుందా?

మన సెలవులు దాని క్యాలెండరుతో సరిపడవు. ఏప్రిల్‌లో అది ఇంకా ఆకుల కిందనే ఉండవచ్చు. మే చివరలో మంచి జల్లులు పడితే అవకాశం ఉంది. దసరా నాటికి చాలా వరకు అడవిలోకి వెళ్లిపోతుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు అనుకూలం, కానీ ఆ నెలల్లో కొండచరియలు విరిగిపడి దారులు మూతపడటం మామూలే. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారు కేవలం దీనికోసం వానాకాలం ప్రయాణం పెట్టుకోవడం మంచిది కాదు.

కనిపిస్తే ఎలా మసలుకోవాలి?

ఒడ్డున బురద తొక్కకుండా కాస్త దూరంగా కూర్చుంటే, గాలి పీల్చుకోవడానికి అదే పైకి వస్తుంది. ఫ్లాష్ వాడకూడదు, కర్రతో కదిలించకూడదు, ఫొటో కోసం చేతిలోకి తీసుకోకూడదు. రాళ్లూ మొద్దులూ ఎత్తి వెతకకూడదు. పేరు లేని గుంటలో కనిపిస్తే ఫొటో పెట్టేటప్పుడు స్థలం వివరాలు తీసేయాలి, ఎందుకంటే వ్యాపారం కోసం పట్టేవారు కూడా అవే ఫొటోలు చూస్తారు.

రోడ్డు మీద అడ్డంగా నడుస్తూ కనిపిస్తే?

వాన రాత్రుల్లో ఇలా జరుగుతుంది. బండి సురక్షితంగా ఆపి, అది దాటేవరకు ఆగడం మొదటి మార్గం. వెనక నుంచి వాహనాలు వస్తుంటే చేతులను నీటితో తడిపి, లేదా తడి ఆకు మీదికి ఎక్కించి, అది వెళుతున్న దిక్కుకే రోడ్డు దాటించి వదలాలి. వచ్చిన వైపుకు తిరిగి పెడితే మళ్లీ అదే రోడ్డెక్కుతుంది.